హోస్ట్‌నేమ్ మార్చా, రీబూట్ చేశా, మళ్ళీ పాత పేరే!

కొత్త_కీబోర్డు · 1
అద్దెకి తీసుకున్న సర్వర్ ఒకటుంది, ఉబుంటు (ఒక రకం లైనక్స్). దానికి వాళ్ళు పెట్టిచ్చిన హోస్ట్‌నేమ్, అంటే మిషన్ పేరు, అంకెలూ అక్షరాలూ కలగాపులగం, చూసి టైప్ చేయడమే కష్టం. మారుద్దామని రూట్‌గా (సర్వాధికారాలున్న యూజర్‌గా) లాగినై "హోస్ట్‌నేమ్ గోదాం" అని కొట్టా. వెంటనే ఉత్తి "హోస్ట్‌నేమ్" కొడితే గోదాం అనే చూపించింది. సంతోషించా. రీబూట్ చేశా. పాత పేరే! ఎక్కడో తప్పు చేశానేమో అనుకుని మళ్ళీ చేశా, మళ్ళీ అంతే. మూడుసార్లయింది. పైగా పేరు మార్చిన ప్రతిసారీ సుడో (రూట్ అధికారంతో కమాండ్ నడిపేది) వాడితే "గోదాం అనే హోస్ట్ దొరకలేదు" అని ఒక లైను విసిరి, కాసేపు ఆలోచించి, అప్పుడు పని చేస్తోంది. ఒక్క పేరు మార్చడానికి ఇంత తతంగమా?

నల్లతెర · 2
/ఈటీసీ/హోస్ట్‌నేమ్ ఫైలు తెరిచి అందులో మార్చు. ఒక్క లైనే ఉంటుంది. అయిపోయింది.

పెంగ్విన్_ప్రియుడు · 3
ఫైలు చేత్తో కెలకడం ఎందుకు. ఇది కొట్టు:
సుడో హోస్ట్‌నేమ్‌సీటీఎల్ సెట్-హోస్ట్‌నేమ్ గోదాం

నల్లతెర · 4
ఒక్క పదం రాయడానికి అంత పొడుగు కమాండా. ఫైల్లో రాస్తే చేతులు అరిగిపోతాయా?

పెంగ్విన్_ప్రియుడు · 5
ఫైల్లో రాసి, ఇప్పుడే పేరు చూడు. మారదు. రీబూట్ దాకా మారదు. అందుకే అంత పొడుగు.

టెర్మినల్_తాత · 6
మీ ఇద్దరూ చెరో సగం చెప్తున్నారు. 1వ పోస్టు అబ్బాయికి అసలు ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు.

పేరు రెండు చోట్ల ఉంటుంది నాయనా. ఒకటి కెర్నెల్ (సిస్టమ్ గుండెకాయ అనుకో) జ్ఞాపకంలో. నువ్వు "హోస్ట్‌నేమ్ గోదాం" అన్నప్పుడు ఆ ముక్క కెర్నెల్ చెవిలో మాత్రమే వేశావు. కరెంటు పోతే దానికేమీ గుర్తుండదు. రెండోది డిస్క్ మీద, నల్లతెర చెప్పిన ఫైలు. బూట్ అయ్యేటప్పుడు ఆ ఫైలు చదివి కెర్నెల్‌కి పేరు చెప్తారు. నీ ఫైల్లో పాత పేరే ఉంది కాబట్టి ప్రతిసారీ పాత పేరుతోనే లేస్తోంది.

కమాండ్ కొడితే ఫైలుకి తెలీదు, ఫైల్లో రాస్తే కెర్నెల్‌కి తెలీదు. 3వ పోస్టులో ఉన్నది ఒకే దెబ్బకి ఇద్దరికీ చెప్తుంది. అందుకని ఈసారికి పెంగ్విన్ వైపే నేను.

కెర్నెల్ దగ్గర ఏముందో చూడాలంటే మూడు దార్లు: ఉత్తి "హోస్ట్‌నేమ్", "యూనేమ్ -ఎన్", లేదా /ప్రాక్/సిస్/కెర్నెల్/హోస్ట్‌నేమ్ ఫైలుని క్యాట్ చేయడం. మూడూ ఒకటే చెప్తాయి. ఉత్తి "హోస్ట్‌నేమ్‌సీటీఎల్" కొడితే డిస్క్ మీద పేరు (స్టాటిక్) చూపిస్తుంది, కెర్నెల్‌లో పేరు దానికి వేరుగా ఉంటే ట్రాన్సియెంట్ అని ఇంకో లైనులో అదీ చూపిస్తుంది. నీకు కావాల్సింది అదే.

సందేహాల్_రావు · 7
నెట్‌వర్క్‌లో కంప్యూటర్ గుర్తింపు అంటే మ్యాక్ అడ్రస్ కదా? నేను ఇన్నాళ్ళూ అదే అనుకుంటున్నా.

రాత్రి_డ్యూటీ · 8
మ్యాక్ అడ్రస్ నెట్‌వర్క్ కార్డుది, 48 బిట్లు, "ఐపీ లింక్" కొడితే కనపడుతుంది. ఐపీ అడ్రస్ ప్రస్తుతం ఆ మిషన్ ఉన్న చోటుది. హోస్ట్‌నేమ్ మనం పెట్టుకున్న పేరు. ఇంటి నంబరు, ఒంటి మీద పుట్టుమచ్చ, ముద్దుపేరు. ఏది ఏదో నువ్వే జతచేసుకో.

సందేహాల్_రావు · 9
అక్కా నువ్వు చెప్తే మాత్రం ఇట్టే ఎక్కుతుంది.

కొత్త_కీబోర్డు · 10
6వ పోస్టు అర్థమైంది తాతా. మరి సుడో గోల?

టెర్మినల్_తాత · 11
సుడో తను ఏ మిషన్ మీద నడుస్తోందో కనుక్కోవాలని చూస్తుంది, ఎందుకంటే "ఫలానా మిషన్ మీద ఫలానా మనిషికే అనుమతి" అని దాని నియమాల్లో రాసుకోవచ్చు. గోదాం అనే పేరుకి అడ్రస్ ఏమిటని ముందు /ఈటీసీ/హోస్ట్స్ చూస్తుంది. అక్కడ లేదు. తర్వాత డీఎన్‌ఎస్‌ని (పేరిస్తే అడ్రస్ చెప్పే నెట్‌వర్క్ సేవ) అడుగుతుంది. పాపం దానికీ తెలీదు. ఆ కాసేపు ఆలోచన అదే.

/ఈటీసీ/హోస్ట్స్ తెరువు. 127.0.1.1 తో మొదలయ్యే లైను ఉంటే అందులో పాత పేరు తీసి గోదాం పెట్టు. లేకపోతే ఆ లైను నువ్వే చేర్చు. 127.0.0.1 లోకల్‌హోస్ట్ లైను జోలికి పోవద్దు.

డొమైన్ కూడా ఉంటే వరస ముఖ్యం: ముందు అడ్రస్, తర్వాత పూర్తి పేరు, ఆ తర్వాత పొట్టి పేరు. లైనులో మొదట ఏది రాస్తే అదే అసలు పేరు, మిగతావి మారుపేర్లు. తిరగేసి రాసి "హోస్ట్‌నేమ్ -ఎఫ్ పూర్తి పేరు చూపించట్లేదు" అని ఏడ్చినవాళ్ళని చాలామందిని చూశా.

నల్లతెర · 12
నా మిషన్‌లో ఆ లైనే లేదు. సుడో కిక్కురుమనదు. మరి?

పెంగ్విన్_ప్రియుడు · 13
ఎన్‌ఎస్‌స్విచ్ కాన్ఫ్ ఫైల్లో (పేర్లు ఎక్కడెక్కడ వెతకాలో రాసుండేది) హోస్ట్స్ లైను చూడు. "మైహోస్ట్‌నేమ్" అని ఉండుంటుంది. సిస్టమ్‌డీ (బూట్‌నీ సర్వీసుల్నీ నడిపేది) వాళ్ళ చిన్న ముక్క అది. ఎవరూ చెప్పకపోయినా సొంత పేరుకి సొంత అడ్రస్ ఇస్తుంది. అది ఉన్నచోట హోస్ట్స్ లైను లేకపోయినా గడిచిపోతుంది.

నల్లతెర · 14
ఉంది. సరే, ఈ ఒక్కదానికి సిస్టమ్‌డీకి దండం.

డబ్బాలో_డబ్బా · 15
సిస్టమ్‌డీ లేని చోట్ల సంగతి కూడా చెప్పండి. ఆల్పైన్‌లో హోస్ట్‌నేమ్‌సీటీఎల్ ఉండదు, ఫైలే దిక్కు. ఫ్రీబీఎస్‌డీలో ఆర్‌సీ కాన్ఫ్ ఫైల్లో ఒక లైను. ఓపెన్‌బీఎస్‌డీలో ఫైలు పేరే "మైనేమ్". పాత రెడ్‌హ్యాట్ 6 లో అయితే /ఈటీసీ/సిస్‌కాన్ఫిగ్/నెట్‌వర్క్.

డాకర్ కంటైనర్ (మిషన్ లోపల ప్రోగ్రామ్‌కి విడిగా కట్టిన డబ్బా) లోపలికెళ్ళి పేరడిగితే 12 అక్షరాల గజిబిజి వస్తుంది, అది కంటైనర్ ఐడీలో మొదటి ముక్క. మంచి పేరు కావాలంటే నడిపేటప్పుడే --హోస్ట్‌నేమ్ అని ఇవ్వాలి. లోపల పేరు మారితే బయట మిషన్ పేరు మారదు, దానికి వేరే గది కట్టి ఉంటుంది, యూటీఎస్ నేమ్‌స్పేస్ అంటారు.

రాత్రి_డ్యూటీ · 16
పాత సోలారిస్ మిషన్లు చూసుకునే రోజుల్లో ఒక రాత్రి. పూర్తి పేరు చూద్దామని లైనక్స్ అలవాటులో "హోస్ట్‌నేమ్ -ఎఫ్" కొట్టా, రూట్‌గా. ఏమీ రాలేదు. ఖాళీ. సరేలే అని పక్క పని చూసుకున్నా. పది నిమిషాలకి అలారాలు మొదలు. చూస్తే మిషన్ పేరు "-ఎఫ్".

అక్కడ ఆ కమాండ్‌కి -ఎఫ్ అనే ఆప్షన్ లేదు. ఇచ్చిందేదైనా కొత్త పేరే అనుకుంటుంది. నేను చూడమన్నాననుకున్నా, అది పెట్టమందనుకుంది.

సందేహాల్_రావు · 17
మిషన్ పేరు "-ఎఫ్" 😂 నామకరణం చేసిన మేనత్త మీరేనన్నమాట

రాత్రి_డ్యూటీ · 18
నవ్వు నవ్వు. చూడ్డానికీ మార్చడానికీ ఒకే కమాండ్ ఉన్నచోట రూట్‌గా లాగినై చూడకూడదు, ఆ రాత్రి తర్వాత నేను మామూలు యూజర్‌గానే చూస్తా. మామూలు యూజర్ చేత పొరపాటున మార్చించినా మార్చనివ్వదు.

కిటికీ_మనిషి · 19
విండోస్‌లో ఆ భయం లేదు. "హోస్ట్‌నేమ్" కొడితే చూపిస్తుంది, పక్కన కొత్త పేరిస్తే "కంట్రోల్ ప్యానెల్‌కి పో" అని కసురుతుంది. మార్చాలంటే పవర్‌షెల్‌ని అడ్మిన్‌గా తెరిచి:
రీనేమ్-కంప్యూటర్ -న్యూనేమ్ గోదాం -రీస్టార్ట్
రీస్టార్ట్ అయ్యేదాకా పాత పేరే.

నల్లతెర · 20
పేరు మార్చడానికి రీస్టార్ట్. విండోస్ విండోసే.

కిటికీ_మనిషి · 21
1వ పోస్టాయన లైనక్స్‌ని మూడుసార్లు రీస్టార్ట్ చేశాడు, ఒక్కసారీ మారలేదు. మాట్లాడకు.

అన్నట్టు ఒక చిక్కు చెప్పాలి. విండోస్‌లో పేరు 15 అక్షరాలు దాటనివ్వకండి. నెట్‌బయాస్ అనే పాత పద్ధతిలో 16 బైట్లుంటే చివరిది రకం సూచించడానికి పోతుంది, మిగిలేది 15. పొడుగు పేరు పెడితే హోస్ట్‌నేమ్ కమాండ్ ఒకటి, కంప్యూటర్‌నేమ్ వేరియబుల్ ఇంకొకటి (తోక కత్తిరించి, అన్నీ పెద్దక్షరాల్లో) చూపిస్తాయి. మా దగ్గర ఒకరు "అకౌంట్స్-విభాగం-01", "అకౌంట్స్-విభాగం-02" అని ఇంగ్లీషులో పొడుగ్గా పెట్టారు. 15 దగ్గర కత్తిరిస్తే తేడా చెప్పే ఆ అంకెలే ఎగిరిపోయి రెండూ ఒకే పేరయ్యాయి. నెట్‌వర్క్‌లో ఒకడు లేస్తే ఇంకొకడు పడుకోవడమే.

కొరికిన_పండు · 22
మ్యాక్ వాళ్ళం మేమూ ఉన్నాం. మాకు ఒక పేరు చాలదు, మూడు. కంప్యూటర్‌నేమ్ (మనుషులకి కనపడేది, ఖాళీలూ చుక్కలూ ఏవైనా), లోకల్‌హోస్ట్‌నేమ్ (పక్క మిషన్లు చివర ".లోకల్" తగిలించి పిలిచేది), హోస్ట్‌నేమ్ (టెర్మినల్ వాడేది). మూడూ "ఎస్‌సీయుటిల్ --గెట్" తో చూడాలి, "ఎస్‌సీయుటిల్ --సెట్" తో ఒక్కోటీ విడివిడిగా పెట్టాలి.

మూడోది చాలామంది పెట్టరు. పెట్టకపోతే చేరిన నెట్‌వర్క్ ఏ పేరంటే ఆ పేరు ప్రాంప్ట్‌లో (టెర్మినల్‌లో కమాండ్ కొట్టే చోటికి ముందు కనపడేది) కనపడొచ్చు. ఎవరి వైఫైకో తగిలించగానే నా టెర్మినల్‌లో ఎవరిదో ఫోను పేరు కనిపించి, లాప్‌టాప్ హ్యాకయిందని ఒక పూటంతా చెమటలు పట్టాయి. సుడో ఎస్‌సీయుటిల్ --సెట్ హోస్ట్‌నేమ్ కొట్టాక నిమ్మళించింది.

తెలుగు_ఫాంటు · 23
అసలు ప్రశ్న. పేరు తెలుగు లిపిలో పెట్టొచ్చా?

నల్లతెర · 24
పెట్టి చూడు, సర్వరే నీ మీద అలుగుతుంది.

పెంగ్విన్_ప్రియుడు · 25
సగం పెట్టొచ్చు. హోస్ట్‌నేమ్‌సీటీఎల్‌కి ప్రెట్టీ పేరు అని ఇంకోటుంది. --ప్రెట్టీ అని చేర్చి తెలుగులో ఎంత అందంగా కావాలంటే అంత అందంగా రాసుకో, /ఈటీసీ/మెషీన్-ఇన్ఫో ఫైల్లో చేరుతుంది. అది చూసుకోవడానికే. నెట్‌వర్క్‌లో తిరిగే అసలు పేరులో మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మధ్యలో హైఫన్, అంతే. లైనక్స్ కెర్నెల్ పరిమితి 64 అక్షరాలు, డీఎన్‌ఎస్‌లో చుక్కకీ చుక్కకీ మధ్య 63. కాబట్టి 63 లోపు ఉంటే ఎవరితోనూ తగువు రాదు.

తెలుగు_ఫాంటు · 26
చాలు. ప్రెట్టీగా "పెద్దబావ" అని పెట్టేశా. హోస్ట్‌నేమ్‌సీటీఎల్ కొట్టినప్పుడల్లా నవ్వొస్తోంది.

సందేహాల్_రావు · 27
అండర్‌స్కోర్ ఎందుకు వద్దు? నా మిషన్ పేర్లన్నిట్లో అవే.

టెర్మినల్_తాత · 28
1985 లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 952 లో (ఇంటర్నెట్ నియమాల పత్రాల్లో ఒకటి) హోస్ట్ పేర్లకి నియమం రాశారు: అక్షరంతో మొదలవ్వాలి, లోపల అక్షరాలు, అంకెలు, హైఫన్. 1989 లో ఆర్‌ఎఫ్‌సీ 1123 వచ్చి అంకెతో మొదలైనా ఫరవాలేదంది. అండర్‌స్కోర్‌కి మాత్రం తలుపు తీయలేదు. చాలా చోట్ల నడిచిపోతుంది, అదే ప్రమాదం. జావాలో యూఆర్‌ఐ (వెబ్ అడ్రస్ లాంటిది) చదివించి హోస్ట్ ఏదని అడిగితే, పేరులో అండర్‌స్కోర్ ఉంటే "నల్", అంటే ఏమీ లేదు, అంటుంది. ప్రోగ్రామ్ రాసినవాడు ఎక్కడ తప్పు చేశానా అని రెండు రోజులు వెతుక్కుంటాడు.

సందేహాల్_రావు · 29
ఆ రెండు రోజులు నావే తాతా. పోయిన నెల. ఇప్పుడు తెలిసింది.

కొత్త_కీబోర్డు · 30
తిరిగొచ్చా. హోస్ట్‌నేమ్‌సీటీఎల్ కొట్టా, ఫైలు కూడా చూశా, అందులోనూ గోదాం అనే ఉంది. /ఈటీసీ/హోస్ట్స్‌లో 127.0.1.1 లైను మార్చా. సుడో నోరు మూసుకుంది. సంబరంగా రీబూట్ చేశా. పేరు పాతదే. ఫైల్లో కూడా పాత పేరే ఉంది ఇప్పుడు! హోస్ట్స్ ఫైలు కూడా పాతదే! ఎవరో వెనకాలే వచ్చి చెరిపేసి వెళ్తున్నారు. ఇది దయ్యం పనే.

నల్లతెర · 31
సేవ్ చేశావా?

కొత్త_కీబోర్డు · 32
చేశానన్నా, మరీ అంత కొత్తవాణ్ణి కాదు.

రాత్రి_డ్యూటీ · 33
అద్దె సర్వర్ అని మొదటి లైన్లోనే చెప్పాడు, అందరం దాటేశాం. క్లౌడ్-ఇనిట్ ఉంటుంది తమ్ముడూ. బూట్ అయ్యేటప్పుడు నీ సర్వర్ ఇచ్చినవాళ్ళ దగ్గర్నుంచి వివరాలు తెచ్చి పేరు, యూజర్లు, కీలు అన్నీ అదే సర్దుతుంది. నువ్వు మార్చిన పేరు దాని దృష్టిలో పొరపాటు.

/ఈటీసీ/క్లౌడ్/క్లౌడ్.సీఎఫ్‌జీ తెరువు. ప్రిజర్వ్_హోస్ట్‌నేమ్ అనే లైను ఫాల్స్ అని ఉంటుంది, దాన్ని ట్రూ చెయ్. లైను లేకపోతే చేర్చు. తర్వాత మళ్ళీ హోస్ట్‌నేమ్‌సీటీఎల్.

హోస్ట్స్ ఫైలు కూడా తిరగబడిందంటే మేనేజ్_ఈటీసీ_హోస్ట్స్ అనేది కూడా ఆన్‌లో ఉంది. ఒక్కసారి హోస్ట్స్ ఫైలు తెరిచి పైన కామెంట్లు చదువు.

కొత్త_కీబోర్డు · 34
చదివా. సిగ్గేస్తోంది. "ఈ ఫైల్లో మార్పులు నిలవాలంటే ఫలానా టెంప్లేట్‌లో మార్చు, లేదా ఆ సెట్టింగు తీసెయ్" అని మొదటి లైన్లలోనే రాసుంది. నాలుగుసార్లు తెరిచా ఈ ఫైలు!

టెర్మినల్_తాత · 35
# గుర్తుతో మొదలయ్యే లైన్లు కనపడని రోగం మనందరికీ ఉంది. టెంప్లేట్ /ఈటీసీ/క్లౌడ్/టెంప్లేట్స్ లోపల ఉంటుంది, ఉబుంటుకి కూడా డెబియన్ పేరున్నదే. అందులో 127.0.1.1 పక్కన మీసాల బ్రాకెట్లలో ఉన్న చోట నీ పేర్లు నేరుగా రాసెయ్.

పెంగ్విన్_ప్రియుడు · 36
3వ పోస్టులో నా కమాండ్ తప్పేమీ కాదని నమోదు చేసుకోగలరు.

నల్లతెర · 37
2వ పోస్టులో నా ఫైలు కూడా. దాన్నెవరో చెరిపేస్తే నాదా తప్పు.

డబ్బాలో_డబ్బా · 38
పేరు నిలబడ్డాక అసలు ఆట మొదలవుతుంది, జాగ్రత్త. పాత పేరుని గుర్తుపెట్టుకునేవాళ్ళు చాలామంది. ర్యాబిట్‌ఎంక్యూ (ప్రోగ్రామ్‌ల మధ్య సందేశాల్ని క్యూలో పెట్టేది) తన డేటా ఫోల్డర్‌కే మిషన్ పేరు తగిలించుకుంటుంది. పేరు మార్చి రీస్టార్ట్ చేస్తే కొత్త పేరుతో ఖాళీ ఫోల్డర్ తెరిచి, "క్యూలేవీ లేవు" అని అమాయకంగా చూస్తుంది. డేటా పోలేదు, పాత పేరు ఫోల్డర్‌లో పడుంటుంది. నాకది తెలిసేసరికి తెల్లారింది. కుబర్నెటిస్ (చాలా మిషన్ల మీద కంటైనర్లు నడిపేది) నోడ్, అంటే అందులో ఒక మిషన్, కూడా మామూలుగా హోస్ట్‌నేమ్‌తోనే నమోదవుతుంది, మార్చితే అది వేరే నోడ్ కింద లెక్క.

కొరికిన_పండు · 39
లైనక్స్ డెస్క్‌టాప్ మీద పేరు మార్చాక నా బ్రౌజర్ తెరుచుకోలేదు. "ఈ ప్రొఫైల్ వేరే కంప్యూటర్‌లో వాడుకలో ఉంది" అంది. ఏ కంప్యూటరంటే, పాత పేరున్న నేనే. తాళం ఫైల్లో హోస్ట్‌నేమ్ రాసుకుంటుందట. ఆ లాక్ తీసేస్తే తెరుచుకుంది. అందుకే అన్నీ మూసేసి అప్పుడు మార్చండి.

టెర్మినల్_తాత · 40
సందర్భం వచ్చింది కాబట్టి ఒక సరదా. డెబియన్, ఉబుంటుల మీద "హోస్ట్‌ఐడీ" కొట్టండి. చాలామందికి 007ఎఫ్0101 అనే వస్తుంది. ప్రపంచంలో ఒక్కటే ఉండాల్సిన గుర్తింపు అందరికీ ఒకటే! ఎందుకంటే అది హోస్ట్‌నేమ్‌కి దొరికిన అడ్రస్ నుంచి అల్లుతుంది, ఆ అడ్రస్ 127.0.1.1, బైట్లు జంటలుగా తిరగేసిన రూపం అది. ఎవరైనా లైసెన్సుని దానికి ముడేసి ఉంటే వాళ్ళ ఖర్మ.

సందేహాల్_రావు · 41
కొట్టా. 007ఎఫ్0101. జేమ్స్ బాండ్‌ని అనుకున్నా, అందరూ బాండ్లేనా

నల్లతెర · 42
నాకు వేరేది వచ్చింది.

సందేహాల్_రావు · 43
నువ్వు విలన్‌వి అన్నా

కొత్త_కీబోర్డు · 44
ప్రిజర్వ్ ట్రూ, టెంప్లేట్‌లో గోదాం, హోస్ట్‌నేమ్‌సీటీఎల్. కానీ ప్రాంప్ట్‌లో ఇంకా పాత పేరే కనపడుతోంది. నేనేం పాపం చేశాను.

పెంగ్విన్_ప్రియుడు · 45
బాష్ (నువ్వు కొట్టే కమాండ్లు తీసుకునే షెల్) మొదలైనప్పుడే పేరు ఒకసారి అడిగి దాచుకుంటుంది, మళ్ళీ అడగదు. "ఎగ్జెక్ బాష్" కొట్టు, లేదా లాగౌటై రా.

కొత్త_కీబోర్డు · 46
వచ్చింది! రీబూట్ కూడా చేశా. గోదాం! గోదాం! గోదాం!

రాత్రి_డ్యూటీ · 47
38వ పోస్టు మాట గుర్తుంచుకుని ఇదొక్కటి చెయ్, "గ్రెప్ -ఆర్" తో /ఈటీసీ అంతా పాత పేరు కోసం వెతుకు. మెయిల్ సెట్టింగుల్లో, క్రాన్‌లో (వేళకి పనులు నడిపేది) దాక్కుని ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) పబ్లిక్ కీల చివర కనపడితే వదిలెయ్, అది ఉత్తి వ్యాఖ్య.

కొత్త_కీబోర్డు · 48
రెండు రోజులు బద్ధకించి ఇప్పుడు వెతికా. నాలుగు ఫైళ్ళు. మూడు ఎస్‌ఎస్‌హెచ్ కీలే. నాలుగోది క్రాన్.డైలీలో బ్యాకప్ స్క్రిప్ట్. తప్పు మిషన్ మీద నడవకూడదని "హోస్ట్‌నేమ్ ఇది కాకపోతే నిశ్శబ్దంగా ఆగిపో" అని మొదటి లైను. పేరు మారిన దగ్గర్నుంచీ బ్యాకప్ లేదు.

నల్లతెర · 49
ఎవడు రాశాడ్రా అలా, నిశ్శబ్దంగా ఆగిపో అని?

కొత్త_కీబోర్డు · 50
నేనే.